ఊరి రుచులు ఎవరివి? – నగర హోటళ్లలో కూడు, కులం

హైదరాబాద్ హోటళ్ల గురించి పత్రికల ఆదివారం సంచికల్లో వస్తున్న రాతల్ని మేము కొంతకాలంగా పనిగట్టుకొని చదువుతున్నాం. ఫలానా చోట బిర్యాని బాగుంటుంది, ఫలానా చోట రాగి సంగటి నాటుకోడి పులుసు బాగుంటుంది, ఫలానా చోట కూర్చునే ఏర్పాటు బాగుంటుంది, ఇద్దరికి ఇంత బిల్లు అవుతుంది. దాదాపు అన్నీ ఈ పద్ధతిలోనే సాగుతాయి. ఉప్పు ఎక్కువైందా, కారం తక్కువైందా అని చెబుతాయి. వొక్క ప్రశ్న మాత్రం అడగవు: ఈ తిండి ఎవరిది? ఎవరి పొయ్యి మీది నుంచి ఈ బల్ల మీదికి వచ్చింది? వచ్చేటప్పుడు దారిలో ఏం రాలిపోయింది? సాహిత్యం మీద, సినిమా మీద ఈ ప్రశ్నల్ని దళిత ఉద్యమం నలబై ఏండ్లుగా అడుగుతూనే వుంది. హోటల్ మెనూ కార్డును కూడా వొక రచనలాగే చదవాలన్నది మా ఉద్దేశం.

మేము ఈ ప్రశ్న అడుగుతున్నది కనకమామిడి నుంచి. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డును మా వైపు చేవెళ్ళ రోడ్డు అంటారు. రోడ్డు పొడుగునా పెద్ద పెద్ద మర్రిచెట్లు. తెల్లారకముందే ఈ రోడ్డు మీద టమాట, కొత్తిమీర, పాలకూర, బంతిపూలు ఆటోల్లో, డీసీఎంలలో పట్నం దిక్కు పోతాయి. శని, ఆదివారాల్లో సాయంత్రం పట్నం కార్లు ఇటు వస్తాయి. ఫాంహౌసులకు, రిసార్టులకు, దాబాలకు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన 111వ జీవో, ఆ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలతో పాటు పెద్ద హోటళ్లను కూడా నిషేధించింది. 84 ఊళ్లు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. జీవో వున్నప్పుడూ కార్లు ఆగలేదు, సడలించాక చెప్పేదే లేదు. జొన్న పండిన చేన్లలో ఇప్పుడు కాంపౌండు గోడలున్నాయి. ఆ గోడల లోపల ఆదివారం నాడు జొన్నరొట్టె ‘స్పెషల్’.

మా వాదన ముందే చెప్పేస్తాం. నగరంలోని ‘రుచుల’ హోటళ్లు మన తిండిలోంచి కులాన్ని తీసేసి ప్రాంతాన్ని పెడుతున్నాయి. అట్లా తీసేయడానికి వీలున్న తిండి మెనూ కార్డు ఎక్కుతుంది. తీసేయడానికి వీల్లేని తిండి బయటే వుంటుంది. మనుషుల సంగతి చూస్తే, తిండి ముందు గదిలోకి వచ్చింది గానీ ఆ తిండి తిని బతికిన వాడ ఇంకా గిన్నెలు తోమేకాడనే వుంది.

ముందు గడప, తర్వాత రుచి

మధ్యతరగతి అగ్రవర్ణాలకు హోటల్ అంటే రుచి. మనకు హోటల్ అంటే మొట్టమొదట గడప. లోపలికి రానిస్తారా, బల్ల మీద కూర్చోనిస్తారా, అందరికీ ఇచ్చే గ్లాసు ఇస్తారా – ఇవి తేలిన తర్వాతే రుచి. రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే పదిహేనో అధికరణం రెండో క్లాజులో దుకాణాలతో పాటు హోటళ్లను పేరు పెట్టి చెప్పారు. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం ఇంకొక అడుగు ముందుకేసింది. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడ అందరి కోసం పెట్టిన పాత్రల్ని వాడనివ్వకపోవడం కూడా నేరమన్నది. 1976లో ఆ చట్టమే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. దేశంలో గ్లాసు కోసం చట్టం రాయాల్సి వచ్చింది. ఇంకా ఎంత చెప్పాలి?

చట్టం వచ్చినా రెండు గ్లాసులు పోలేదు. వొకటి లోపల కడిగి బోర్లించేది, ఇంకొకటి బయట చూరులో చెక్కేది. మన గ్లాసు మనమే తీసుకొని, మనమే కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ముందుకు ఈ పద్ధతి గురించి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తర్వాత ప్లాస్టిక్ గ్లాసు వచ్చి కొన్ని ఊళ్లలో ఈ తగాదాను చప్పుడు లేకుండా చల్లార్చింది. అందరికీ పారేసే గ్లాసే అయితే ఎవరి గ్లాసు ఎవరు తాకారన్న లెక్క వుండదు. కులం ఓడిపోలేదు, గ్లాసు మారింది.

విదేశాల్లో పెద్ద చదువులు చదివి బరోడా సంస్థానం కొలువుకు వచ్చిన అంబేద్కర్‌కు ఆ పట్నంలో తలదాచుకోను చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంలో దిగారు. సంగతి తెలిసి కొందరు కర్రలు పట్టుకొని వచ్చి ఆయన్ని ఖాళీ చేయించారు. చదువు, ఉద్యోగం, చేతిలో డబ్బు అన్నీ వున్నాయి. లేనిది పేరు వొక్కటే. ఇవ్వాళ కూడా హోటల్లో మనం అనుభవించే సుఖంలో సగం, సప్లయర్‌కు మన పేరు తెలియకపోవడం వల్ల వచ్చేదే.

ఇరానీ హోటల్ ఇచ్చింది, ఇవ్వనిది

ఈ లెక్కన హైదరాబాద్‌లో మనకు మొదటి హోటల్ ఇరానీ హోటల్. ఇరాన్ నుంచి వలస వచ్చినవాళ్లు పెట్టుకున్న చాయ్ దుకాణాలవి. రాయి బల్లలు, కర్ర కుర్చీలు, పౌనా, ఉస్మానియా బిస్కట్, సాసర్లో పోసుకొని తాగే చాయ్. రిక్షా తొక్కేవాళ్లు, మేస్త్రీలు, కాలేజీ పిల్లలు, పని దొరకనోళ్లు, అందరూ అదే బల్ల మీద కూర్చున్నారు. వొక చాయ్ తాగి రెండు గంటలు కూర్చున్నా లెమ్మనరు. మా వైపు నుంచి పట్నం పోయి కూలి చేసిన పెద్దలు దీని గురించి చెప్పేటప్పుడు చాయ్ రుచి చెప్పరు. “ఎవ్వడు ఏం అడగడు బిడ్డా, పైస ఇస్తే చాయ్ ఇస్తడు” అంటారు. ఊళ్లో లేనిది అదే. ఊళ్లో పైస ఇచ్చినా చాయ్ కంటే ముందు కులం వచ్చేది.

అయితే దీన్ని మరీ ఆదర్శం చేసుకోవడం కూడా తప్పే. ముస్లిం యాజమాన్యంలోని చోటు కులం లేని చోటు అని తేల్చేయలేం. 1934లో అంబేద్కర్, ఆయన తోటివాళ్లు నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట చూడబోయారు. దుమ్ము కొట్టుకున్న ముఖాలు అక్కడి చెరువులో కడుక్కున్నందుకు, నీళ్లు మైల చేశారని తగాదాకు వచ్చింది ముస్లింలే. నిజాం రాజ్యంలో మన పెద్దలు మర్యాద కోసం వొంటరిగానే పోరాడవలసి వచ్చింది. ఇరానీ హోటల్ కులాన్ని ఎదిరించలేదు. అడగలేదు, అంతే. అడగకపోవడం కూడా మనకు ఎంత పెద్ద విడుదలో, రెండు గ్లాసుల కాడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు వొకటి గమనించాలి. ఇరానీ హోటల్లో మనం పేరు లేకుండా లోపలికి పోయాం. ‘రుచుల’ హోటల్లో మనం పోకముందే మన తిండి పేరు లేకుండా లోపలికి పోయింది.

‘గారి’ హోటళ్లు

రెండువేల సంవత్సరం తర్వాత, ముఖ్యంగా 2014లో తెలంగాణ ఏర్పడ్డాక, ప్రాంతాల పేర్లతో హోటళ్లు బాగా పెరిగాయి. రాయలసీమ రుచులు, తెలంగాణ వంటలు, గోదావరి రుచులు, పల్లె భోజనం. తెలంగాణ తిండిని చాలాకాలం మొరటు తిండిగా చూశారు గనక, ఆ పేరుతో బోర్డు కనిపిస్తే మేము కూడా మొదట సంతోషపడ్డాం. ఆ సంతోషం నిజమైందే. తర్వాత బోర్డుల్ని జాగ్రత్తగా చదివాం.

బోర్డుల మీద రెండు రకాల పేర్లున్నాయి. మొదటి రకం ‘గారి’ పేర్లు – రాజుగారి పులావు, రెడ్డిగారి మెస్సు, చౌదరిగారి కోడి. ఇక్కడ కులం దాచిపెట్టలేదు, అదే రుచికి హామీ. బ్రాహ్మణ వంట అని రాసుకున్న పచ్చళ్లు, పొడులు సరే సరి. 1957లో మద్రాసు తిరువళ్లిక్కేణిలోని మురళీ కేఫ్ బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీసేయాలని పెరియార్ మనుషులు నెలల తరబడి ధర్నా చేసి జైళ్లకు పోయారు. వొక్క మాట కోసం అంత గొడవ ఎందుకని నవ్వినవాళ్లున్నారు. ఆ మాట బోర్డు మీద వున్నంతకాలం మిగతా వంట మనుషులందరి చేతులు తక్కువ చేతులేనని పెరియార్‌కు తెలుసు. మన నగరంలో ‘గారి’ బోర్డుకు ఎదురుగా ‘మాదిగ భోజనం’ అన్న బోర్డు వూహించి చూడండి. నవ్వొస్తే, ఆ నవ్వు ఎక్కడినుంచి వస్తున్నదో ఆలోచించండి.

రెండో రకం పేర్లు పల్లె, అమ్మ, అమ్మమ్మ. ఇక్కడ కులం కనిపించదు. లోపలికి పోతే ఎడ్లబండి చక్రం, చాట, గంప, కుండలు, గోడకు వేలాడేసిన డప్పు. డప్పు గోడకు ఎక్కిన హోటళ్లు మేము వొకటికి రెండు చూశాం. దాన్ని చేయడానికి తోలు నానబెట్టినవాళ్లు, చావుకూ జాతరకూ దాన్ని మోసినవాళ్లు ఎవరో ఆ గోడకు తెలియదు. ఊరు మొత్తం సామాను రూపంలో హోటల్లోకి వచ్చింది. ఊరిలోని వాడ రాలేదు.

ఇప్పుడు మెనూ కార్డు. ఉలవచారు సంగతి చూడండి. ఉలవలు ఉడకబెట్టి గింజలు ఎడ్లకు పెట్టేవాళ్లు. ఉడికిన నీళ్లు మరగబెడితే ఉలవచారు. ఇవ్వాళ అది మీగడ వేసి వడ్డించే ఖరీదైన వంటకం. దాన్ని బిర్యానిలో కూడా పోస్తున్నారు. జొన్నరొట్టె, రాగి సంగటి, గటక, అంబలి కూడా అంతే. మా అమ్మానాన్నల చిన్నతనంలో వరి బువ్వ పండుగ నాటి తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన తర్వాత వాడలో రోజూ పొయ్యి మీద బియ్యం ఉడకడం మొదలైంది. అప్పుడు జొన్న తినడం పేదరికం, బియ్యం తినడం గౌరవం. ఇప్పుడు లెక్క తిరగబడింది. డాక్టర్లు షుగరు అన్నాక, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేశాక, జొన్న కలిగినవాళ్ల తిండి అయింది. రేషన్ బియ్యం మన తిండిగా మిగిలింది. జహీరాబాద్ వైపు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు ఎవరికీ పట్టని రోజుల్లో ఈ విత్తనాల్ని కుండల్లో, గుమ్ముల్లో దాచి కాపాడారు. మెనూ కార్డులో వాళ్ల వూసే లేదు. ‘మన పూర్వీకుల ఆహారం’ అని మాత్రం రాసి వుంది. ఎవరి పూర్వీకులు?

కిందటేడు మా అమ్మను అట్లాంటి వొక హోటల్‌కు తీసుకుపోయాం. స్కాలర్‌షిప్ బకాయిలు వొకేసారి పడ్డ నెల అది. జొన్నరొట్టె, బోటి కూర చెప్పినం. రొట్టె వచ్చింది, చేతి మందం కూడా లేదు. అమ్మ రొట్టెను రెండు వైపులా తిప్పి చూసి, “మంచిగనే కాల్చిండ్రు” అన్నది. తర్వాత ధర అడిగింది. చెప్పినం. “మీ నాయనమ్మ బతికుంటే నవ్వి సచ్చేది. రొట్టె తింటున్నమని సిగ్గుపడి తలుపేసుకొని తిన్నోళ్లం” అన్నది. ఆమెకు అన్యాయం అనిపించింది ధర కాదు. తలుపేసుకొని తిన్నదాన్ని ఇంతమంది ముందర లైట్ల కింద తింటుంటే, ఆ సిగ్గును మనకు ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరు తీసేశారు అన్నది ఆమె ప్రశ్న. మా వ్యాసం మొత్తం ఆ ప్రశ్న చుట్టే తిరుగుతున్నది.

బోర్డు మీద లేని కూర

బోటి మెనూ కార్డు ఎక్కింది. తలకాయ ఎక్కింది. కాళ్ల షోర్వా ఎక్కింది. నల్ల కూడా కొన్ని చోట్ల దొరుకుతుంది. ఇవన్నీ వొకప్పుడు నీచమన్నవే. గొర్రెవి, మేకవి గనక వీటి మీది కులం మరకను నూనెలో వేయించి తీసేయగలిగారు. పెద్దకూర దగ్గరికి వచ్చేసరికి ఆ పని కుదరలేదు. ‘తెలంగాణ వంటలు’ అన్న పేరుతో మేము చూసిన ఏ మెనూ కార్డులోనూ పెద్దకూర లేదు. ఎండబెట్టిన తునకలు లేవు. గోంగూరలో, దోసకాయలో వేసి వండుకునే ఆ తునకలు లేకుండా మా వాడలో వానాకాలం గడిచేది కాదు. తెలంగాణ వంటల జాబితాలో అది లేదంటే, మేము తెలంగాణలో లేమనే కదా అర్థం?

నగరంలో పెద్దకూర దొరకదని కాదు. కల్యాణి బిర్యాని వుంది. మటన్ బిర్యాని కొనలేని కూలివాళ్లకు, ఆటో డ్రైవర్లకు, విద్యార్థులకు కడుపు నింపిన బిర్యాని అది. బర్రె మాంసంతో చేస్తారు. 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఆవును కోయడాన్ని నిషేధించింది గానీ, వ్యవసాయానికీ పాలకూ పనికిరావని సర్టిఫికెట్ వున్న ఎద్దుల్ని, బర్రెల్ని నిషేధించలేదు. అంటే ఇది చట్టం మాట కాదు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార కళల సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ సంబరాల్లో కల్యాణి బిర్యాని పేరు మాకు వినిపించలేదు. నగరానికి రెండు వంటశాలలున్నాయి – వొకటి అతిథులకు చూపించేది, ఇంకొకటి కడుపు నింపేది.

ఈ గోడను విద్యార్థులు తన్ని చూశారు. 2011లో ఇఫ్లూలో, 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిపారు. ఉస్మానియాలో దాడులు, హింస జరిగాయి. 2015 డిసెంబర్ 10న మళ్లీ జరపబోతే కోర్టు ఉత్తర్వులు, అరెస్టులు. అప్పుడు చాలామంది ప్రగతివాదులు కూడా “తినేది తినండి, పండుగ ఎందుకు?” అన్నారు. హాస్టల్ మెస్సులో ఎవరి తిండి రోజూ వడ్డిస్తారో వాళ్లకు పండుగ అక్కరలేదు, నిజమే. వాళ్లకు ప్రతి పూటా పండుగే. లేనివాళ్లే వొక్క రోజు అడిగారు.

మన లోపలి వాదన కూడా దాచొద్దు. “అంబేద్కరే మానేయమన్నారు కదా, మళ్లీ దాన్నే గౌరవం అంటారేంది?” అని మన పెద్దలు కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. 1927లో మహద్‌లో అంబేద్కర్ మానేయమన్నది చచ్చిన పశువు మాంసాన్ని, ఇంటింటికీ తిరిగి అడుక్కునే ఎంగిలి కూడును. అవి రెండూ బానిసత్వపు కూలి. కూలి మానేయమన్నారు. 1948లో అంటరానివాళ్ల పుట్టుక మీద రాసిన పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ వున్న చారిత్రక సంబంధాన్ని ఆయనే విప్పి చూపారు. బ్రాహ్మణులు తినడం మానేసి దాన్ని పవిత్రం చేశాక, మానని వాళ్లు అంటరానివాళ్లయ్యారని వాదించారు. ఈ రెండూ కలిపి చదవాలి. ఎవరో పారేసింది తినొద్దు. మనం వండుకున్నదానికి సిగ్గుపడొద్దు. తినని దళితులు తినని దళితులే, వాళ్ల మీద బలవంతం లేదు. పెద్దకూర తింటేనే దళితుడనడం కూడా ఇంకొక రకం మెనూ కార్డే అవుతుంది.

వొకే పళ్లెం

ఇప్పుడు మండి హోటళ్ల సంగతి. బార్కస్‌లో స్థిరపడ్డ యెమెన్ మూలాల అరబ్బుల తిండిగా హైదరాబాద్‌కు తెలిసిన మండి, ఈమధ్య జిల్లా కేంద్రాలు, మండల కేంద్రాలు దాకా పాకింది. కింద దిండ్లు, మధ్యలో వొకే పెద్ద పళ్లెం, చుట్టూ నలుగురైదుగురు. అందరి చేతులూ అదే అన్నంలో. ఊళ్లో వేరే గ్లాసు పెట్టిన ఇంటి పిల్లగాడు, పట్నంలో వాడ పిల్లగాడితో కలిసి వొకే పళ్లెంలో తింటాడు. మేమూ అట్లా తిన్నాం. తిన్నప్పుడు కడుపుతో పాటు ఇంకేదో కూడా నిండిన మాట నిజం. దాన్ని తక్కువ చేసి మాట్లాడం.

కానీ అదే స్నేహితుడి ఇంటికి చేవెళ్ళ పక్క ఊరికి పోయినప్పుడు మాకు భోజనం బయటి గదిలో, కాగితం విస్తరిలో వచ్చింది. స్నేహితుడు తల దించుకున్నాడు. అరబ్బుల పళ్లెంలో చేయి పెట్టనిచ్చిన కులం, అమ్మ పళ్లేన్ని ఇవ్వలేదు. పరాయి సంస్కృతి పేరుతో అయితే వొకే పళ్లెం సరదా. సొంత ఇంట్లో అయితే మైల. ‘ఎథ్నిక్’ తిండికి మన నగరంలో వున్న రహస్యం ఇదే అనుకుంటాం. బిల్లు కట్టి బయటికి రాగానే ఆ సంస్కృతి అక్కడే వుండిపోతుంది, మన కులం మనతో ఇంటికి వస్తుంది.

1936లో రాసిన కుల నిర్మూలనలో అంబేద్కర్ ఈ సంగతి తేల్చారు. సహపంక్తి భోజనాలు కులాన్ని చంపవు, కులాంతర వివాహమే అసలు మందు అన్నారు. నగర హోటల్ రోజూ వేలమందితో సహపంక్తి భోజనం చేయిస్తున్నది. అదే రాష్ట్రంలో 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు ప్రణయ్‌ను చంపించారు. పళ్లెం దాకా రానిచ్చిన చోటు నుంచి పెళ్లిపీట దాకా ఇంకా ఎంత దూరముందో ఆ హత్య చెప్పింది. మార్కెట్ కులాన్ని కరిగిస్తుందని చెప్పే మేధావులు ఈ దూరాన్ని కొలిచి చెప్పాలి.

ఎవరి చెయ్యి

‘అమ్మ చేతి వంట’ అని రాసిన హోటళ్లలో ఆ చెయ్యి ఎవరిది? మా వైపు దాబాలకు, ఫాంహౌసులకు పనికి పోయే ఆడవాళ్లు గిన్నెలు తోముతారు, ఉల్లిగడ్డలు కోస్తారు, ఊడుస్తారు. పొయ్యి కాడికి, వడ్డించేకాడికి రావడం తక్కువ. వంటకూ గిన్నెలకూ మధ్య వున్న ఆ నాలుగు అడుగుల దూరం కూలి లెక్కలో కూడా కనిపిస్తుంది. మధ్యాహ్న భోజనం కేసులో 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. కోర్టు ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తర్వాతి సంఘటనలు చూపాయి. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిన అన్నం తినడానికి పై కులాల పిల్లలు నిరాకరించారు. పిల్లలకు మైల పుట్టుకతో రాదు, ఇంట్లో వడ్డిస్తేనే వస్తుంది. బడిలో అన్నం మీద జరిగే ఈ యుద్ధమే హోటల్లో బోర్డు మీద, బల్ల దగ్గర, వంటింట్లో చప్పుడు లేకుండా జరుగుతున్నది.

ఆ రోజు హోటల్లో బిల్లు తెచ్చిన పిల్లగాడిని మా అమ్మ అడిగింది: “నువ్వు తిన్నవా బిడ్డా?” అతను ఇటూ అటూ చూసి, “డ్యూటీ అయినంక తింటనమ్మా” అన్నాడు. అప్పటికి మూడున్నర. పత్రికల హోటల్ రాతల్లో ఎన్నడూ కనిపించని ప్రశ్న అది.

ఏం చెయ్యాలె?

రెండు తేలిక జవాబులున్నాయి. వొకటి, మన తిండి పెద్ద హోటళ్లకు ఎక్కింది గనక గర్వపడదాం అన్నది. రెండోది, అదంతా దోపిడీ గనక ఆ గడప తొక్కొద్దు అన్నది. రెంటినీ మేము వొప్పుకోం. గడప కోసం మనవాళ్లు తన్నులు తిన్నారు. లోపలికి పోవడం హక్కు, మానుకోవడం హక్కును వదులుకోవడమే. కానీ లోపలికి పోయి మన పేరు అడగకపోతే, మన పెద్దల గ్లాసు చూరులోనే వున్నట్టు.

అమెరికా నల్లజాతివాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు, తెల్లవాళ్లకే వడ్డించే వూల్‌వర్త్ దుకాణం తిండి బల్ల దగ్గర కూర్చున్నారు. సామాను కొననిచ్చి కూర్చొని తిననివ్వని దుకాణం అది. ఆ పోరాటాల వెనకాలే 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది. అదే దశాబ్దంలో, యజమానులు పారేసిన పంది పేగులు, కాళ్లు, ఆకుకూరలతో తమ తాతలు బతికిన తిండికి వాళ్లు ‘సోల్ ఫుడ్’ – ఆత్మ తిండి – అని పేరు పెట్టుకున్నారు. 1962లో సిల్వియా వుడ్స్ అనే నల్ల స్త్రీ న్యూయార్క్ హార్లెంలో తన పేరుతోనే హోటల్ పెట్టింది. వాళ్లు గడపనూ గెలిచారు, పేరునూ పెట్టుకున్నారు. మనం మొదటిది సగం గెలిచాం. రెండోది మొదలుపెట్టాలి.

మొదలు కాలేదనీ కాదు. వొకప్పటి నిజాం రాజ్యంలోదే అయిన మరాఠ్వాడాలో మహర్, మాంగ్ కులాల తిండి మీద షాహు పాటోళే మరాఠీలో 2015లో ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ పుస్తకం తెచ్చారు. అన్నం పూర్ణబ్రహ్మం అన్నవాళ్లకు అది అపూర్ణమని పేరులోనే జవాబిచ్చారు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. 2016లో చంద్రభాన్ ప్రసాద్ ‘దళిత్ ఫుడ్స్’ పేరుతో పచ్చళ్లు, పొడులు అమ్మకానికి పెట్టారు. పెట్టుబడితో విముక్తి వస్తుందన్న ఆయన వాదనతో మాకు పేచీ వుంది. ఆ పేరు డబ్బా మీద రాయడంతో మాత్రం పేచీ లేదు.

తెలుగులో చేయాల్సిన పనులు కొన్ని చర్చకు పెడుతున్నాం. మాల, మాదిగ, ఉపకులాల తిండిని వాడ వాడనా నమోదు చేయాలి. వంట చేసే పద్ధతితో పాటు దాన్ని దాచుకొని తిన్న సిగ్గును కూడా రాయాలి. మన అమ్మలు వుండగానే రాయాలి. యూనివర్సిటీ హాస్టల్ మెస్సు మెనూను విద్యార్థి సంఘాలు ఎవరి మెనూ అని అడగాలి. ‘తెలంగాణ వంటలు’ అని ప్రభుత్వం జరిపే పండుగల్లో పెద్దకూర ఎందుకు లేదో అడగాలి. హోటల్ పనివాళ్ల పని గంటలు, భోజనం వేళ మన ఉద్యమాల డిమాండ్లలోకి రావాలి. ఎస్సీ కార్పొరేషన్ రుణంతో హోటల్ పెట్టుకునే మన పిల్లలు బోర్డు మీద ఏ పేరు రాయాలో భయపడకుండా వుండే రోజు కోసం పని చేయాలి. ఆ బోర్డు చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్ల కింద పడ్డ రోజున, పట్నం నుంచి వచ్చే కార్లలో ఎన్ని ఆగుతాయో చూడాలి. రుచుల గురించి అసలు విమర్శ అక్కడ మొదలవుతుంది.